పాత స్కూటరుకు ట్యూబు లేని చక్రము

గంపలో నీరు నిలువదని ఎల్లరకును తెలిసినదే. అయినను గంపలో ఒక తోలుతిత్తి నుంచి, ఆ తిత్తిలో నీరు నింపినచో గంపతోనే నీరు మోయవచ్చును. అప్పుడు బరువును మోయునది గంప. నీటిని పట్టి ఉంచునది తిత్తి. కడవకు తిత్తితో పని లేదు. అది తానే మోయును, తానే పట్టి ఉంచును. నేడు నేను శ్రోతలకు మనవి చేయదలచిన విషయమంతయు గంపకును కడవకును గల ఈ భేదములోనే ఇమిడి ఉన్నది.

మన పాత స్కూటరు చక్రము గంప వంటిది. దానిలోని రబ్బరు ట్యూబు తిత్తి వంటిది. ఇటీవల అనేకులు ఆ ట్యూబును తొలగించి, ట్యూబు లేని చక్రములను అమర్చుకొనుచున్నారు. కోరిక మంచిదే. కాని తిత్తిని తీసివేసినంత మాత్రమున గంప కడవ కాజాలదు. ఈ చిన్న సత్యమును మరచినచో ధనము పోవుట అటుండగా, ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ముందుగా ఈ బండ్ల పుట్టుకను కొంచెము జ్ఞాపకము చేసికొందము. ఇటలీ దేశమున పియాజియో సంస్థ వెస్పా స్కూటరును 1946లో వెలువరించినది. దానిని రూపొందించిన కొరాదీనో దాస్కానియో విమాన నిర్మాణమున ఆరితేరిన ఇంజనీరు. విమానము నేలకు దిగునపుడు ఆనుకొను చక్రము ఒక ప్రక్కన మాత్రమే పట్టుకొని ఉండుట మనము చూతుము. ఆ పద్ధతినే ఆయన స్కూటరునకు తెచ్చెను. మరుసటి సంవత్సరము, అనగా 1947లో, ఇన్నొచెంతి సంస్థవారి లాంబ్రెట్టా వచ్చినది. ఈ రెండు వంశములును మన దేశమునకు వచ్చి స్థిరపడినవి. బొంబాయిలో లాంబ్రెట్టా, పూనాలో బజాజ్ వారి వెస్పా, 1972 నుండి అదే సంస్థ చేతక్, లక్నోలో విజయ్ సూపర్, కాన్పూరులో ఎల్.ఎమ్.ఎల్. వెస్పా తయారైనవి. మన హైదరాబాదు ప్రాంతమున సైతము 1980ల దశాబ్దిలో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ పియాజియో సహకారముతో వెస్పా బండ్లను తయారు చేసినది.

ఆ కర్మాగారములు ఆ బండ్లను తయారు చేయుట మానివేసి చాలకాలమైనది. బండ్లు మాత్రము మన ఇండ్లలో నిలిచి ఉన్నవి. తండ్రి ఉద్యోగమునకు పోయిన బండి అని ఒకరు, పెండ్లినాడు మామగారు ఇచ్చిన బండి అని ఒకరు వానిని అపురూపముగా కాపాడుకొనుచున్నారు. ఇంజను బాగు చేయించి, రంగు వేయించి, మరల వీధిలోనికి తీసికొని పోవుచున్నారు. అట్టివారికి మొదట కలుగు చింత చక్రమును గూర్చియే. ఈ చింతకు కారణము లేకపోలేదు.

చేతక్, వెస్పా వంటి బండ్లలో పెక్కింటికి రిమ్ము వ్యాసము 10 అంగుళములు; టైరుపై 3.50–10 అని ముద్రించి ఉండును. గాలి నింపిన టైరుతో కలిపి చక్రము వ్యాసము ఇంచుమించు 17 అంగుళములు మాత్రమే. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవునపుడు ఇంత చిన్న చక్రము సెకనుకు పది చుట్లు తిరుగును. పెద్ద చక్రము దాటిపోవు గతుకులో చిన్న చక్రము దిగును. పెద్ద చక్రమున గాలి తగ్గినచో బండి నెమ్మదిగా తెలియజేయును. చిన్న చక్రమున, అందును ముందు చక్రమున, గాలి ఒక్కుమ్మడి పోయినచో హ్యాండిలు చేతి మాట వినదు. వెనుక సీటుపై గృహిణియు, ముందు నిలుచున్న బిడ్డయు ఉన్న బండికి ఇది సామాన్యమైన విషయము కాదు.

గాలి ఒక్కుమ్మడి ఏల పోవలెను? పాత చక్రపు నిర్మాణమే దీనికి కారణము. ఈ రిమ్ము ఒకే ముక్క కాదు. ఉక్కురేకును అచ్చులో నొక్కి చేసిన రెండు పళ్ళెముల వంటి భాగములను ఒకదానికొకటి ఆనించి నట్లతో బిగింతురు. వెస్పా వంశపు 10 అంగుళముల రిమ్మునకు ఇట్టి నట్లు ఐదు. ఈ ఏర్పాటు ఆనాడు ఎంతో తెలివైనది. టైరు మార్చుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. పంక్చరు దుకాణము లేని పల్లెలో సైతము రిమ్మును విప్పి, టైరును చేతితో తీసి, ట్యూబునకు అతుకు వేసి, మరల కూర్చుకొనవచ్చును. స్టెప్నీ ఉన్నచో పది నిమిషములలో చక్రమునే మార్చుకొని సాగిపోవచ్చును. కాని రెండు రేకుల నడుమ అతుకు ఉన్నది. ట్యూబు వాల్వు వెలికి వచ్చుటకు రంధ్రమున్నది. తుమ్మముల్లో, మేకో గ్రుచ్చుకొని ట్యూబు చినిగినప్పుడు లోని గాలి ఈ సందులన్నింటి నుండి క్షణములలో వెలికిపోవును. గాలి లేని టైరు అంచు రిమ్ముపై తన చోటు విడిచి జారును. ప్రమాదము జరుగునది అప్పుడే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలెను. ట్యూబు లేని చక్రము కొనదలచినవారును, కొనదలచనివారును దీనిని వినవలెను. పాత చక్రమున రెండు వరుసల నట్లు ఉండును. మధ్యనున్న వరుస చక్రమును డ్రమ్మునకు బిగించునది. రెండవ వరుస రిమ్ము రెండు భాగములను కలిపి ఉంచునది. కొన్ని బండ్లలో ఈ రెండు వరుసలును వెలుపలికే కనబడును. కొన్నింటిలో చక్రము ఊడదీసిన తరువాత గాని రెండవ వరుస కనబడదు. రెండింటికిని ఒకే స్పానరు పట్టుట కూడ కలదు. తెలియనివారు గాలి నిండి ఉన్న చక్రమున ఈ రెండవ వరుసను విప్పబోవుదురు. అప్పుడేమి జరుగునో లెక్క వేసి చూడుడు. వెనుక చక్రమున చదరపు అంగుళమునకు 25 పౌండ్ల ఒత్తిడి ఉన్నదనుకొందము. ఆ గాలి రిమ్ము భాగములను విడదీయుటకు ప్రక్కలకు త్రోయు వైశాల్యము సుమారు 60 చదరపు అంగుళములనుకొన్నను, మొత్తము త్రోపు 1500 పౌండ్లు, అనగా ఇంచుమించు 680 కిలోగ్రాములు. ఇంత బలమును ఐదు చిన్న నట్లు ఓర్చుకొని యున్నవి. నాలుగు విప్పి ఐదవదానిపై స్పానరు పెట్టినవాని ముఖమునకును చేతులకును ఎట్టి అపాయము రాగలదో వేరుగ చెప్పనక్కరలేదు. కనుక వాల్వులోని సూదిని తీసి, గాలి అంతయు పోయినదని టైరును నొక్కి చూచుకొన్న తరువాతనే ఆ నట్లను ముట్టవలెను. పిల్లలకు స్కూటరు పని నేర్పు ప్రతి తండ్రియు మొదట నేర్పవలసిన పాఠమిది.

ఇక ట్యూబు లేని చక్రము సంగతి. ఇది క్రొత్త వింత కాదు. అమెరికాలో గుడ్‌రిచ్ సంస్థ ఇట్టి టైరును 1947లో ప్రకటించినది. దానిని రూపొందించిన ఫ్రాంక్ హెర్జెగ్ అను ఇంజనీరునకు 1952లో పేటెంటు లభించినది. 1955 నాటికే ఆ దేశపు క్రొత్త కార్లకు ఇది సాధారణమైన టైరు అయినది. పాత స్కూటర్లకు మాత్రము ఇది ఆలస్యముగా చేరినది. కారణము మనము చెప్పుకొన్నదే: రెండు ముక్కల రిమ్ము గాలిని పట్టి ఉంచలేదు.

ట్యూబు లేని టైరు లోపలి గోడకు గాలిని పోనీయని ఒక ప్రత్యేకమైన రబ్బరు పొర ఉండును. టైరు అంచును మన దుకాణములలో బీడింగు అందురు. ఆ అంచు రిమ్ము పీఠముపై బిగువుగా కూర్చుండి గాలికి మూత యగును. మేకు గ్రుచ్చుకొన్నను ఆ రబ్బరు మేకును చుట్టి పట్టుకొనును. గాలి పోయిన పోవచ్చును గాని, నెమ్మదిగా పోవును. బండిని ప్రక్కకు తీసి నిలుపుకొనుటకు వ్యవధి దొరకును. ఈ వ్యవధియే ట్యూబు లేని చక్రమున మనము కొనుచున్న వస్తువు. అందము కాదు, వేగము కాదు, వ్యవధి.

అయితే ట్యూబు చేసిన పనిని ఇప్పుడు ఎవరు చేయవలెను? సగము టైరు చేయును. మిగిలిన సగము రిమ్ము చేయవలెను. అందుకు రిమ్మునకు నాలుగు లక్షణములు కావలెను. మొదటిది, రిమ్ము గాలి చొరని ఒకే పాత్రగా ఉండవలెను. పాత స్కూటర్లకై తయారగుచున్న ఇట్టి రిమ్ములు సాధారణముగా అల్యూమినియం మిశ్రలోహముతో ఒకే ముక్కగా పోతపోసినవి. రెండవది, టైరు అంచు కూర్చుండు పీఠము నునుపుగా, సరియైన కొలతలో ఉండవలెను. మూడవది, ఆ పీఠమునకు లోపలి ప్రక్కన చిన్న గట్టు ఉండవలెను. పొలములో నీటిని నిలుపు గట్టు వంటిదే ఇది. గాలి తగ్గినపుడు టైరు అంచు లోపలికి జారిపోకుండ ఆపును. నాలుగవది, రిమ్ము నడుమ లోతైన పల్లము ఉండవలెను. ఒకే ముక్క రిమ్ముపైకి టైరును ఎక్కించునపుడు, ఒక ప్రక్క అంచు ఈ పల్లములో దిగిననే గాని రెండవ ప్రక్క అంచు రిమ్మును దాటి లోపలికి రాదు.

ఈ నాలుగు లక్షణములను మనసులో ఉంచుకొన్నచో తప్పుదారులు మూడు వాటంతట అవియే కనబడును.

ఒకటి: పాత రిమ్మునకు ట్యూబు లేని టైరు తొడిగి, "నా బండి ట్యూబ్‌లెస్" అనుకొనుట. టైరు ప్రక్కన ట్యూబ్‌లెస్ అని వ్రాసి ఉన్నంత మాత్రమున చక్రము అట్టిది కాదు. రెండు ముక్కల రిమ్ముపై ఆ టైరులో మరల ట్యూబు వేయక తప్పదు. అట్లు వేయుటకు టైరు తయారీదారు అనుమతించిన యెడల వేసికొనవచ్చును. కాని అది ట్యూబు చక్రమే. మేకు దిగిననాడు అది ట్యూబు చక్రము వలెనే ప్రవర్తించును. ఆ సంగతి తెలియక ధైర్యముతో వేగముగా నడుపుటయే ఇందలి ప్రమాదము.

రెండు: పాత రిమ్ము అతుకును బంకతోనో, సిలికాను ముద్దతోనో పూడ్చి ట్యూబును తీసివేయుట. గాలి కొన్ని దినములు నిలిచినను నిలువవచ్చును. కాని ఆ రిమ్మునకు గట్టు లేదు. ఉక్కురేకు గతుకులకు వంగుచు, ఎండకు వ్యాకోచించుచు ఉండగా ఆ ముద్ద ఎప్పుడు విడునో చెప్పుటకు వీలు లేదు. గంపకు పేడ అలికి నీరు నింపుట వంటిదే ఈ పని.

మూడు: ట్యూబులోనో టైరులోనో ద్రవరూపమైన పంక్చరు మందు పోసి నిశ్చింతగా ఉండుట. చిన్న రంధ్రమునకు అది తాత్కాలికముగ ఉపకరించును. చినిగిన ట్యూబును అది కాపాడజాలదు. రిమ్ము లక్షణమును మార్చజాలదు.

ఇప్పుడు సరియైన దారి. రిమ్ము కొనునపుడు బండి నమూనా పేరు చెప్పి, దానికై చేసినదేనా అని రూఢి చేసికొనవలెను. వెస్పా వంశపు 10 అంగుళముల రిమ్మునకు ఐదు రంధ్రములు, లాంబ్రెట్టా రిమ్మునకు నాలుగు. ఒకదానికి చేసినది మరియొకదానికి పనికి రాదు. టైరు వెడల్పునకు రిమ్ము వెడల్పు తగియుండవలెను, 3.50–10 టైరునకు 2.10 అంగుళముల రిమ్ము వాడుకలో ఉన్నది. తయారీదారు పేరు, కొలత, మోయగల బరువు రిమ్ముపై చెక్కి ఉన్నవా చూడుడు. పేరు లేని చవుక పోతలో కంటికి కానరాని బెజ్జములు ఉండును. దానినుండి గాలి దినదినము కొంచెము పోవుచునే ఉండును. అంతకంటె చెడ్డ విషయము, బలహీనమైన పోత పెద్ద గతుకు దెబ్బకు పగులును. ఉక్కురిమ్ము వంగును, మిశ్రలోహపు రిమ్ము, అది నాసిరకమైనప్పుడు, పగులును. ఈ భేదమును మరువరాదు.

టైరుపై ట్యూబ్‌లెస్ అని స్పష్టముగ ఉండవలెను. దాని ప్రక్కన 59 జె వంటి సంకేతము కనబడును. 59 అనగా ఆ టైరు 243 కిలోగ్రాములు మోయగలదని. జె అనగా గంటకు 100 కిలోమీటర్ల వేగమునకు తగునని అర్థము. మరియొక చోట నాలుగు అంకెలు ఉండును. మొదటి రెండు టైరు పుట్టిన వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 1223 అని ఉన్నచో అది 2023లో పండ్రెండవ వారమున తయారైనది. అంగడిలో ఏండ్ల తరబడి పడియున్న టైరు చూపునకు క్రొత్తదే. రబ్బరు మాత్రము ముదిరినది.

బిగింపులో మొదటి పని టైరును రిమ్ముపై ఎక్కించుట. పాత రిమ్మునకు ఈ శ్రమ లేదు. కొత్తదానికి ఇదే అసలు శ్రమ. 10 అంగుళముల టైరు అంచు మిక్కిలి బిరుసుగా ఉండును. బలముతో పెకలించినచో అంచు చిరుగును, రిమ్ము పీఠము గీరుకొనును. ఆ గీత గుండ గాలి పోవును. టైరు సబ్బు ధారాళముగా రాచి, అంచును నడిమి పల్లములో దింపి, వాల్వుకు ఎదురు ప్రక్క మొదలిడి వాల్వు దగ్గర ముగించుట మేలు. టైరుపై బాణపు గుర్తు ఉన్నచో తిరుగు దిక్కును చూచి ఎక్కించవలెను. ఈ పని తెలిసిన దుకాణమున, తగిన యంత్రముపై చేయించుటయే ఉత్తమము.

తరువాత గాలి కొట్టి అంచులను పీఠములపై కూర్చుండబెట్టవలెను. అంచు గట్టును దాటి కూర్చుండునపుడు "టప్" అను శబ్దము రెండు మారులు, ప్రక్క కొకటిగా, వినబడును. మోటారుసైకిలు టైర్ల తయారీదారులలో పలువురు ఈ సమయమున 40 పౌండ్ల ఒత్తిడిని మించరాదని హెచ్చరింతురు. టైరుపై వ్రాసిన హద్దు ఏదైనను దానికి లోబడవలెను. కూర్చుండనిచో ఇంకను గాలి కొట్టుట కాదు. గాలి తీసి, మరల సబ్బు రాచి, మొదటినుండి ప్రయత్నించవలెను. గాలి కొట్టువాడు టైరుపై వంగక, దూరముగా నిలువవలెను. కొందరు ఈ పనికి మండు ద్రవమును టైరులో చల్లి నిప్పంటించుట కలదు. అది పేలుడే గాని బిగింపు కాదు. ఎవరెంత చమత్కారముగ చేసి చూపినను మన బండికి అట్టి పని చేయనీయరాదు.

వాల్వును గూర్చి ఒక మాట. ఇది చిన్న వస్తువు. కాని గాలి ద్వారమంతయు ఇదియే. రిమ్ము రంధ్రపు కొలతకు సరిపడు వాల్వునే వేయవలెను. వెస్పా చక్రము బ్రేకు డ్రమ్మునకు, ఫోర్కునకు మిక్కిలి దగ్గరగా తిరుగును. పొడుగు వాల్వు దేనికైనను తగిలినచో తెగిపోవును. అందుచేతనే పొట్టివో, వంకరవో అయిన వాల్వులు ఈ రిమ్ములకు వాడుదురు. టైరు మార్చినప్పుడెల్ల రబ్బరు వాల్వును కూడ మార్చుట మంచి అలవాటు.

ఇక చక్రమును బండికి బిగించుట. పాత ఉక్కురిమ్ము పలుచనిది. పోత రిమ్ము మందమైనది. పాత బోల్టులు ఆ మందమును దాటి తగినంత వెలికి రాకపోవచ్చును. 8 మిల్లీమీటర్ల బోల్టుపై నట్టు కనీసము అంతే లోతున మరలు పట్టవలెను. రెండు మూడు చుట్లకే నట్టు ఆగిపోయినచో "బిగిసినది" అనుకొనరాదు. పొడుగు బోల్టులు వేయించవలెను. నట్టు అడుగు భాగము చదునుగా ఉన్నదా, గుండ్రముగా ఉన్నదా, వాలుగా ఉన్నదా అని చూడవలెను. రిమ్ము రంధ్రపు అంచు ఏ ఆకారమున ఉన్నదో నట్టు అడుగు ఆ ఆకారముననే ఉండవలెను. అందుచే రిమ్ముతో వచ్చిన నట్లను, వాషర్లను మాత్రమే వాడవలెను. బిగించుట ఒక వరుసలో కాక ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా జరుగవలెను. వెస్పా పి.ఎక్స్. చక్రపు నట్లకు సుమారు 20 నుండి 27 న్యూటన్ మీటర్ల బిగువు చెప్పబడినది. రిమ్ము తయారీదారు వేరొక అంకె చెప్పినచో అదియే ప్రమాణము. కాలితో స్పానరును తొక్కి బిగించుట బలమునకు గుర్తు కాదు. బోల్టును సాగదీయుటకు మార్గము. క్రొత్త లోహము సర్దుకొనును గనుక, 50 నుండి 100 కిలోమీటర్లు నడిపిన పిమ్మట నట్లను మరల సరిచూడవలెను. ఈ ఒక్క పనిని మరచుటచేతనే చక్రములు వదులగును.

బిగించిన వెంటనే వీధిలోనికి పోరాదు. బండిని స్టాండుపై నిలిపి చక్రమును చేతితో త్రిప్పి చూడుడు. ముందు చక్రము ఫోర్కునకు, మడ్‌గార్డునకు. వెనుక చక్రము ఇంజను కేసునకు, సైలెన్సరుకు ఎచటనైన రాచుకొనుచున్నదా? షాక్ అబ్జార్బరు అణగినపుడు ఆ ఎడము ఇంకను తగ్గునని గుర్తుంచుకొనవలెను. పిమ్మట సబ్బునీటిని టైరు అంచుల చుట్టును, వాల్వు మొదటను, పోత అంతటను రాయవలెను. నురుగులో బుడగ లేచినచోట గాలి పోవుచున్నది. రాత్రి ఒత్తిడి కొలిచి వ్రాసి పెట్టి, తెల్లవారి మరల కొలుచుట మరియొక పరీక్ష. ఈ రెండింటను నెగ్గిన చక్రమునే నమ్మవలెను.

గాలి కొలతను గూర్చి మన ఇండ్లలో నిర్లక్ష్యము మెండు. బొటనవ్రేలితో నొక్కి "ఉన్నదిలే" అందుము. ట్యూబు లేని టైరునకు ఇది ఇంకను కీడు చేయును. లోని మేకు గాలిని నెమ్మదిగ వదలుచుండగా మనకు తెలియదు. 10 అంగుళముల వెస్పా చక్రములకు ఒక్కరే పోవునపుడు ముందు సుమారు 18 పౌండ్లు, వెనుక సుమారు 25. వెనుక మరియొకరు కూర్చున్నచో వెనుక చక్రమునకు సుమారు 36 పౌండ్లు వాడుక. మీ బండి పుస్తకము వేరుగ చెప్పినచో పుస్తకమునే అనుసరించవలెను. వారమునకొక మారు, బండి నడపక ముందు, చల్లని టైరుపై కొలువవలెను. మేకు కనబడినచో వెంటనే పెరుకరాదు. గాలి నిలిచి ఉన్నంతవరకు నెమ్మదిగా దుకాణము చేరవలెను. వెలుపలినుండి దూర్చు రబ్బరు పుల్ల ఇల్లు చేర్చుటకు చాలును. లోపలినుండి వేసిన పుట్టగొడుగు ఆకారపు అతుకు శాశ్వతమైనది. ఈ రెండును నేలను తాకు భాగమునకే. ప్రక్కగోడ చినిగిన టైరును పారవేయవలసినదే.

స్టెప్నీని మాత్రము విడువకుడు. ట్యూబు లేని చక్రము వచ్చినదని స్టెప్నీ తీసివేసి డూములో సామాను పెట్టుకొనువారున్నారు. ప్రక్కగోడ తెగినప్పుడు, రిమ్ము పగిలినప్పుడు మీకు దిక్కు అదియే. కొలత ఒకటే అయినచో స్టెప్నీ పాతరకము రెండు ముక్కల చక్రమైనను బాధ లేదు. దాని నట్లు వేరుగ ఒక చిన్న సంచిలో డిక్కీలో ఉంచవలెను. పాత చక్రమునకు క్రొత్త చక్రపు నట్లు సరిపోవని మరువరాదు.

చట్టము మాట కూడ చెప్పి ముగింతును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ విషయమును మరల స్పష్టము చేసినది. రిమ్ము, టైరు కొలతలు మార్చక, బండి రూపమును చెరపక చేసికొను మార్పునైనను ముందుగా రవాణా కార్యాలయమున విచారించుటయు, భీమా సంస్థకు వ్రాతమూలముగ తెలుపుటయు వివేకము. ప్రమాదము జరిగిన పిదప వచ్చు ప్రశ్నలకు ముందుగా జవాబు సిద్ధపరచుకొనుట మంచిది. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అని మనవారు ఊరక చెప్పలేదు.

ఇంతయు విని, ఇన్ని చిక్కులున్నచో పాత చక్రమే మేలుగదా అని కొందరికి తోచవచ్చును. అందులోను తప్పు లేదు. త్రుప్పు పట్టని రిమ్ము, ముదరని టైరు, మంచి ట్యూబు, లోపల చల్లిన పౌడరు, రెండు రేకుల నడుమ ట్యూబు నలుగకుండ కొంచెము గాలి నింపి చేసిన కూర్పు — ఇవి ఉన్న పాత చక్రము నెమ్మదిగా నడుపువారికి ఈనాటికిని చక్కగ పనిచేయును. ఊరిదారుల దూరప్రయాణములు చేయువారికి, కుటుంబముతో పోవువారికి ట్యూబు లేని చక్రము ఇచ్చు వ్యవధి విలువైనది. ఏది ఎన్నుకొన్నను పూర్తిగా ఎన్నుకొనవలెను. అపాయము ఈ రెండింటి నడుమనే ఉన్నది: పాత రిమ్ము, క్రొత్త టైరు, కొంత బంక, కొంత ధైర్యము కలిపి చేసిన చక్రమున.

పూర్వము మన గ్రామములలో బండిచక్రమునకు ఇనుపపట్టా వేయుట మీలో కొందరు చూచియే ఉందురు. కమ్మరి పట్టాను కొలిమిలో ఎఱ్ఱగ కాల్చి, చక్రముపై దింపి, నీళ్ళు పోసెడివాడు. పట్టా ముడుచుకొని చక్రమును బిగబట్టెడిది. అంతకుముందు అతడు చక్రము చుట్టుకొలతను, పట్టా చుట్టుకొలతను ఎన్నిమారులు కొలిచెడివాడో! ఆ రెండును ఒకటికొకటి కుదిరిననే గాని కొలిమి వెలిగించెడివాడు కాడు. లోహము మారినది, వేగము మారినది. చక్రము కోరునది మాత్రము నేటికిని ఆ కొలతయే, ఆ ఓర్పే.